వాపస్ తీసుకున్న సాక్ష్యం

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. మే నెల ఎండ, ఎల్బీ నగర్‌లో చివరి అంతస్తు ఇల్లు, ఇక చెప్పేదేముంది. ఫ్యాను రెక్కలు విడివిడిగా కనపడటం మొదలై, కాసేపటికి ఆగిపోయాయి. ఫ్రిజ్ గురక కూడా ఆగింది. కింద రోడ్డు మీద లారీల చప్పుడు, పక్కింటి కుక్కరు కూత, మెడ మీద నుంచి వీపులోకి జారుతున్న చెమట. ఇంకెవరైనా అయితే కరెంటు వాళ్ళని తిట్టుకుంటూ లేచి కిటికీ తీస్తారు. నేను మాత్రం చేతిలో పని పక్కన పెట్టి కదలకుండా కూర్చుండిపోయాను. ఫ్యాను ఆగితే నోరు మూసుకుని కూర్చోవాలని నాకు అలవాటు చేసిన మనిషి ఒకరున్నారు. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. అలవాటు మాత్రం పోలేదు.

ఆవిడ పేరు సుగుణ. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు కాబట్టి మా చర్చి సంఘంలో అందరికీ సుగుణ టీచరు. నల్లగొండ వైపు మనిషి. పొట్టిగా, బక్కగా ఉండేవారు, ఎప్పుడూ తెల్ల నూలు చీరే. నేను గుడివాడ నుంచి బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో పడ్డ రోజుల్లో, గదిలో తోటి అమ్మాయి ఒక ఆదివారం కొత్తపేటలో బట్టల దుకాణం మీద ఉన్న మందిరానికి తీసుకెళ్ళింది. మెట్ల మీద చెప్పులు విడుస్తుండగానే ఆ అమ్మాయి నాకు సుగుణ టీచర్ని దూరం నుంచి చూపించి, బస్సు కథ చెప్పింది. మా సంఘంలో కొత్తవాళ్ళకి ముందు చెప్పేది అదే.

ఆ కథ ఇదీ. టీచరు ఉద్యోగంలో ఉన్నప్పుడు అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఉన్న ఒక ఊరి బడికి రోజూ బస్సులో వెళ్ళేవారు. ఒకనాడు పొద్దున బస్సులో కూర్చుని ఉంటే "దిగు సుగుణా" అని ఒక స్వరం స్పష్టంగా వినపడింది. చుట్టూ చూస్తే పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ హయత్‌నగర్‌లో దిగిపోయారు. ఇంకొంచెం దూరం పోయాక ఆ బస్సుని లారీ గుద్దింది. ఆవిడ కూర్చున్న సీటు ఉన్న వైపంతా నుజ్జయింది. మా సంఘానికి అదే పెద్ద ఆస్తి. బయటి నుంచి వచ్చిన ప్రతి బోధకుడికీ టీచర్ని పరిచయం చేసేవాళ్ళు. సండే స్కూలు పిల్లలు మెట్ల మీద ఆడుకుంటూ ఒకరినొకరు "దిగు సుగుణా" అనుకునేవాళ్ళు. నాకు బ్యాంకు ఉద్యోగం రాలేదు, ఇన్సూరెన్సు ఆఫీసులో వచ్చింది. యాక్సిడెంట్ క్లెయిములు చూసే సీటు. మనుషులు చెప్పే కథల్లో ఎక్కడ అతుకు వేశారో వెతకడమే నాకు జీతం తెచ్చిపెట్టే పని. అయినా ఆ బస్సు కథలో అతుకు ఉంటుందని నాకు కలలో కూడా తట్టలేదు.

దేవుడి మాట విన్న మనిషి కాబట్టి అందరూ ఆవిడ దగ్గరికే పోయేవాళ్ళు. ప్రతి శుక్రవారం వాళ్ళింట్లో ఉపవాస ప్రార్థన. సంబంధం కుదుర్చుకోవాలా వద్దా, ఇల్లు మారాలా, ఆపరేషన్ చేయించుకోవాలా, ఇలాంటివన్నీ మోసుకుని ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. మా దగ్గర ప్రార్థన అంటే గట్టిగానే ఉంటుంది. ఒకరి గొంతు మీద ఇంకొకరి గొంతు, మధ్యమధ్యలో స్తోత్రాలు. అది అయిపోగానే అందరూ కొంగులు సర్దుకుంటూ లేచేవాళ్ళు. సరిగ్గా అప్పుడు టీచరు చెయ్యి చాపి ఫ్యాను స్విచ్ ఆపేవారు. "చెప్పుడు అయిపోయింది. గిప్పుడు జర ఇందం" అనేవారు. ఆ ఉక్కలో జంపఖానా మీద కూర్చుని చెమటలు కక్కుతూ మేం వినేవాళ్ళం. మొదట్లో నాకు కింద వీధిలో టిఫిన్ సెంటర్ వాడి గరిటె చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

ఒకసారి నా గొడవ నేనూ మోసుకెళ్ళాను. ఇంటి దగ్గర సంబంధం చూశారు. అబ్బాయి మంచివాడే, కానీ ఉద్యోగం మానేసి గుడివాడ వచ్చెయ్యాలి. దేవుడి చిత్తం ఏమిటో చెప్పమని టీచర్ని అడిగాను. ఆవిడ చెప్పలేదు. ముందు నన్నే ఒక ప్రశ్న వేశారు.

"దేవుడు ఏం చెప్తే బాగుంటదని అనుకుంటున్నవో గది ముందు చెప్పు బిడ్డా. దాన్ని పక్కకు పెట్టినంక అప్పుడు కూసుందం."

నాకు ఉక్రోషం వచ్చింది. నేనేదో నాటకం ఆడుతున్నట్టు మాట్లాడారనిపించింది. కానీ నోరు తెరిచి చెప్పబోతే తెలిసింది, సంబంధం వద్దని దేవుడి చేత అనిపించి, ఆ నెపం మీద ఇంట్లో వాళ్ళ ముందు తప్పించుకుందామని వచ్చాను. ఆ మాటే ఆవిడతో అన్నాను. "అయితే నీకు వద్దని నువ్వే చెప్పు మీ నాయనకు. దేవుని మీద పెట్టకు" అన్నారు. అలాగే చెప్పాను. ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది, అది వేరే సంగతి. అన్నీ తెలిసిన మనిషి, నా చేతే చెప్పించాలని దాచిందని అప్పుడు అనుకున్నాను. దాచడానికి ఆవిడ దగ్గర ఏ జవాబూ లేదని ఇంకా చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

నాన్న పోయాక అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. అమ్మ పేరు జయమ్మ. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ చుట్టూ పది మంది ఉండే మనిషి, ఇక్కడ అపార్ట్‌మెంటులో ఎదురింటి వాళ్ళ పేరు కూడా తెలియకుండా నలిగిపోయింది. మందిరం ఒక్కటే ఆవిడకి ఊరు. పాటలప్పుడు అందరికంటే ముందు అమ్మ గొంతే లేచేది. సుగుణ టీచరంటే అమ్మకి ఎంత గౌరవమంటే, ఎదురుగా కుర్చీలో కూర్చోవడానికి కూడా మొహమాటపడేది. అమ్మకి చాలా ఏళ్ళుగా షుగరు. రెండు పూటలా ఇన్సులిన్ సూది నేనే పొడిచేదాన్ని.

ఒక ఏడాది ఎల్బీ నగర్ వైపు మైదానంలో పెద్ద సభలు పెట్టారు. ఎక్కడి నుంచో వచ్చిన బోధకుడు చివరి రోజు షుగరు ఉన్నవాళ్ళందరినీ లేచి నిలబడమన్నాడు. ప్రార్థన చేసి, విశ్వసించిన వాళ్ళు ఈ క్షణమే స్వస్థపడ్డారని ప్రకటించాడు. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సీసాలు లేవు. చెత్త బండిలో వేసేశానని అమ్మ నవ్వుతూ చెప్పింది. ఆ ఆదివారం మందిరంలో, దేవుడు తమకి చేసిన మేలు అందరి ముందు చెప్పే సాక్ష్యాల సమయానికి అమ్మ లేచి మైకు పట్టుకుంది. ప్రభువు తనని ముట్టి బాగుచేశాడని, సీసాలు పారేశానని చెప్పింది. హాలంతా చప్పట్లు. నాన్న పోయాక అమ్మ మొహం అంత వెలిగిపోవడం అదే మొదటిసారి చూడటం.

వారాల్లోనే అమ్మ సగమైంది. మంచం పక్కన నీళ్ళ సీసా ఎన్నిసార్లు నింపినా చాలేది కాదు. జాకెట్లు వదులైపోయాయి. కాలి వేలికి చెప్పు కొరికిన చిన్న పుండు మానకుండా నల్లబడుతోంది. బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన అమ్మ ముందే చెప్పేశాడు, ఇలాగే ఉంటే కాలు పోతుంది, ఆ వెనకే మనిషి పోతుంది అని. కొత్త సీసాలు కొని ఫ్రిజ్ తలుపులో పెట్టాను. అమ్మ చెయ్యి ఇవ్వలేదు. నేను ఏడ్చాను, అరిచాను, అన్నం మానేశాను. అమ్మకి తన ఒళ్ళు బాగాలేదన్న సంగతి తెలుసు. బాగైపోయానని నా ముందు బుకాయించను కూడా లేదు.

"అంత మంది ముందు మైకులో సాక్ష్యం చెప్పానే" అంది. "ఇప్పుడు సూది పొడుచుకుంటే దేవుణ్ణి అబద్ధాలకోరుని చేసినట్టు కాదూ? నేను పోయినా ఫరవాలేదు. ఆయన మాట పోకూడదు."

పరుగున సుగుణ టీచరు ఇంటికి వెళ్ళాను. విషయమంతా చెప్పి, ఒక్క సాయం చేయమన్నాను. మీరు చెప్తే అమ్మ వింటుంది, సూది తీసుకోమని దేవుడు నాతో చెప్పాడు జయమ్మా అనండి చాలు, అన్నాను. ఒక్క మాటతో తేలిపోయే పని. టీచరు మొహం చూస్తుండగానే పాలిపోయింది. దేవుడు చెప్పాడన్న మాట నాతోని కాదు బిడ్డా, అన్నారు. ప్రాణం పోతోందండీ అన్నాను. ఆవిడ తల వంచుకుని ఫ్యాను ఆపడానికి లేచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి చచ్చిపోతుంటే ఇంకా ఏం వినాలండీ అని, చెప్పులు సరిగా వేసుకోకుండానే వచ్చేశాను.

ఆ ఆదివారం అమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. సాక్ష్యాల సమయం వచ్చింది. ఇద్దరు ముగ్గురు చెప్పాక సుగుణ టీచరు లేచారు. ఆవిడ మైకు అడిగి చాలా ఏళ్ళైంది కాబట్టి అందరూ సంతోషంగా సర్దుకుని కూర్చున్నారు. ఆవిడ కొంగు భుజం నిండా కప్పుకుని, క్లాసులో నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డారు.

"అందరికి వందనాలు. ఆ బస్సు సంగతి మీకందరికి ఎరుకే. ఆ దినం నాకు ఏ స్వరం ఇనరాలె."

అలవాటు చొప్పున నాలుగైదు గొంతులు "స్తోత్రం" అన్నాయి. అన్నాక గానీ ఏం విన్నారో వాళ్ళకి అర్థం కాలేదు. కీబోర్డు వాయించే అన్న వేళ్ళు ఆగిపోయాయి.

"రోడ్డు పక్కన గోనెపట్టా మీద చింతచిగురు పోసి అమ్ముతున్నరు. లేతగ ఉన్నది. కొనుక్కొని ఎనక బస్సుకు పోదమని దిగిన. అంతే. బతికిచ్చింది దేవుడే, అది నిజం. కానీ 'దిగు సుగుణా' అన్నది దేవుడు కాదు. ఆయన ఏమన్నడు, ఏమన్నడు అని అందరు అడుగుతుంటే గా మాట నేనే కలిపిన. కలిపినంక తీసేసే ధైర్యం రాలె. తీసేస్తే దేవుడు చిన్నగైతడని భయపడ్డ. ఇన్నేండ్లు భయపడ్డ. ఈ దినం నా సాక్ష్యం వాపస్ తీసుకుంటున్న. ఆయన చిన్నగ కాలె. నేనే అయిన. మీల ఎవరన్న గిట్లనే భయపడుతుంటే, భయపడకున్రి."

పాస్టరు గారు గబగబా వచ్చి, సిస్టర్ గారికి ఒంట్లో బాగున్నట్టు లేదంటూ మైకు తీసుకున్నారు. ఆవిడ ఇచ్చేసి కూర్చున్నారు. మా అమ్మ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కాళ్ళ కింద నేల ఉందో లేదో చేత్తో తడిమి చూసుకున్నానంటే నమ్మండి. నేను దేవుణ్ణి మనసారా నమ్మడం మొదలుపెట్టిందే ఆ కథ విని. హాలులో చాలా మందిది అదే పరిస్థితి. ఒక పెద్దావిడ గట్టిగా ఏడ్చేసింది. ఎవరో తలుపు దబాల్న వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. తర్వాతి పాట ఎవరికీ శ్రుతి కుదరలేదు. అమ్మ మాత్రం పాడలేదు, ఏడవలేదు, కళ్ళు పెద్దవి చేసుకుని ఎదురు గోడ వైపే చూస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చాక చీర కూడా మార్చుకోకుండా మంచం మీద కూర్చుంది. నా సంగతి ఆవిడతో చెప్పింది నువ్వేనా అని అడిగింది. నేనేనన్నాను. "ఏం మనిషే ఆవిడ? అంత పరువూ ఒక్క నిమిషంలో పారేసుకుంది" అంది. కోపంగానే అంది. తర్వాత చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా, "ఫ్రిజ్‌లో పెట్టావుగా, పట్టుకురా" అంది. తెచ్చి సూది పొడిచాను. ఆ సాయంత్రమే దవాఖానలో చేర్చాను. వేలు తీసేశారు, నడకకి చేతికర్ర వచ్చింది, కానీ కాలు దక్కింది. అమ్మ దక్కింది.

అమ్మ ఇంటికొచ్చాక నేను టీచరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఒక్కరే ఉన్నారు. శుక్రవారమే, కానీ జంపఖానా పరిచి లేదు. శుక్రవారాల స్త్రీల కూడిక బాధ్యత నుంచి ఆవిడని తప్పించారు. పిల్లల విశ్వాసం పాడు చేశావని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. ఆవిడ అదంతా చెప్పుకుని బాధపడ్డారు కూడా. బాధలేనట్టు నటించలేదు. ఇంత చేయాల్సిన అవసరమేముంది, ఇంటికొచ్చి అమ్మ చెవిలో చెప్తే సరిపోయేది కదా అన్నాను.

"గదే నేను కోరుకున్నది బిడ్డా" అన్నారు. "ఇంటికొచ్చి చెవుల చెప్పి, మంచిదాన్ని అనిపిచ్చుకునుడు. నువ్వు పోయినంక గా కోరిక పక్కకు పెట్టి కూసున్న. మిగిలింది ఒక్కటే. నువ్వు మైకుల చెప్పినవు, మైకులనే వాపస్ తీసుకో అని. చెవికి ఏం ఇనరాలె. కానీ పొమ్మంటె పోలె."

మరి అది దేవుడేనని ఎలా తెలిసిందని అడిగాను. తెలవదు, కానీ నాకు నేనయితే గా మాట ఎన్నడు చెప్పుకోను, అన్నారు. ఇన్నేళ్ళుగా ఎంతో మందిని వినమని కూర్చోబెట్టిన మనిషి, తాను లేచి లోబడటం అదే మొదటిసారని కూడా అన్నారు. అలా అంటున్నప్పుడు ఆవిడ గొంతులో గర్వం లేదు, ఇంకా బెదురే ఉంది. నాకూ ఆ బెదురు అంటుకుంది. దేవుడు మాట్లాడతాడని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను గానీ, మాట్లాడితే మనిషికి ఇంత పని పడుతుందని ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత కూడా ఆవిడ ఆ మందిరానికే వచ్చారు. వెనక వరసలో, తలుపు దగ్గర కూర్చునేవారు. అమ్మ ఎదురైతే వందనాలు చెప్పి తప్పుకునేది. ఎందుకమ్మా అంటే, నాకు సిగ్గు అనేది. సూది తీసుకుంటున్న సంగతి అమ్మ మందిరంలో ఎవరికీ చెప్పలేదు. అమ్మ సాక్ష్యం అక్కడ అలాగే నిలబడి ఉంది, చప్పట్లతో సహా. పాస్టరు గారు మారారు, కొత్తాయన వచ్చారు, పాత సంగతులు సద్దుమణిగాయి. టీచరు నిద్రలోనే పోయారు.

భూస్థాపన అయ్యాక మందిరంలో ఆవిడని తలుచుకునే ఆదరణ కూడిక పెట్టారు. కొత్త పాస్టరు గారు చిన్నవాడు, మంచివాడు. ఎవరిని అడిగి తెలుసుకున్నాడో గానీ, టీచరు జీవితం గురించి చెబుతూ, ఒకనాటి ఉదయం ఆమె బస్సులో కూర్చుని ఉండగా, అని మొదలుపెట్టాడు. "దిగు సుగుణా" అన్న మాట దగ్గర ఆయన గొంతు కూడా వణికింది. ఇటూ అటూ చూశాను. ఆ రోజు హాలులో ఉన్నవాళ్ళు ఎంతో మంది ఉన్నారు, తల ఊపుతున్నారు. ఆవిడ పరువంతా పోసి తీసేసిన మాటని, ఆవిడ లేని సమయం చూసి మళ్ళీ కుట్టేశారు. లేవాలని నాకు తెలుస్తోంది. ఆయన పాటకి సైగ చేసేదాకా వేచి చూద్దామా, తర్వాత విడిగా చెబుదామా అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. నా పక్కన చేతికర్ర నేలని తాకిన చప్పుడైంది. అమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఒక్క మాటండి. ఆ స్వరం లేదండి. ఆవిడ చింతచిగురు కోసం దిగింది. ఇక్కడే నిలబడి ఆవిడే చెప్పింది, వీళ్ళందరూ విన్నారు." అమ్మ ఊపిరి తీసుకుంది. "నా షుగరు పోయిందని నేనూ ఇక్కడే సాక్ష్యం చెప్పాను. పోలేదండి. రోజూ సూది పొడిపించుకుంటున్నాను. ఆ రోజు ఆవిడ తన మాట వెనక్కి తీసుకోబట్టి నేను బతికాను. ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు నాదీ వెనక్కి తీసుకుంటున్నాను."

ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు గారు మైకు కిందికి దించి, తల వంచుకున్నారు. అమ్మ కూర్చుని, చల్లబడిపోయిన చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు ప్రార్థనకి కూర్చుంటే ఆయన ఏం చెప్తే నాకు బాగుంటుందో అది ముందు బయటికి అనేస్తాను. అది పక్కన పెట్టాక చాలాసార్లు ఏమీ మిగలదు. ఎప్పుడైనా మిగిలితే, అది దాదాపు ఎప్పుడూ నాకు ఇష్టం లేని పనే. ఎవరికో ఫోన్ చేసి ఒప్పుకోవాల్సిన మాట, ఆఫీసులో నలుగురి ముందు లేచి చెప్పాల్సిన సంగతి. అది ఆయన మాటో కాదో నేను రుజువు చేయలేను. కానీ తెలిసిన వెంటనే లేవాలని తెలుసు. ఇంతవరకు అమ్మ లేచినంత త్వరగా ఒక్కసారి కూడా లేవలేకపోయాను.